కప్పకు పంక్చర్ పడితే..

చెరువు మరవ పారిందంటే అనంతపురం ప్రాంతంలో అదో పండగ. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే వాన కురిసే నేల మరి! నీళ్లొచ్చిన ఏడాది కట్ట మీదికి గాలాలూ వచ్చేస్తాయి. ఒకప్పుడు కొక్కేనికి వానపామో, కప్పపిల్లో గుచ్చేవారు. ఇప్పుడు సరదాగా చేపలు పట్టే కుర్రాళ్ల సంచుల్లో మెత్తటి ప్లాస్టిక్ ఎరలు కనిపిస్తున్నాయి. కప్ప, చేపపిల్ల, వానపాము.. అన్నీ అచ్చుగుద్దినట్టే ఉంటాయి.

చిక్కల్లా అవి నాలుగు కాలాలు నిలవకపోవడమే. చెరువు ఎండిన ఏళ్లలో లోపల మొలిచిన కంపచెట్లు నీళ్లొచ్చాక మునిగిపోతాయి. వాటి ముళ్లకు తగిలితే ఎర చీలిపోతుంది. ముల్లు వదిలినా కొరమీను వదలదు. దాని నోట్లో పదునైన పళ్లున్నాయాయె! నీళ్లు తగ్గి బురద మిగిలినా గాలి పీల్చుకుంటూ బతకగల మొండి చేప అది. కరువు చెరువుకు అచ్చొచ్చినది. నీటిపైన కప్ప కదిలితే ఊరుకోదు. అందుకే దానికోసం లోపల బోలుగా ఉండి, నీటిపై తేలే కప్ప ఎరను వాడతారు.

ఆ కప్పకు చిన్న రంధ్రం పడినా లోపలికి నీరు చేరుతుంది. ఇక తేలదు. పారేయక్కర్లేదు.. సైకిల్ షాపు కిటుకు చాలు. బకెట్ నీళ్లలో ముంచి నొక్కితే బుడగలు వచ్చిన చోటే చిల్లు. లోపలి నీరంతా పిండి, పూర్తిగా ఆరబెట్టి, వంగినా విరగని రబ్బరు జిగురు పలచగా పూయాలి. రాత్రంతా కదపకుండా ఉంచాలి. క్షణాల్లో అతుక్కునే గమ్ము గట్టిపడి, కప్ప ముడుచుకున్నప్పుడు పగిలిపోవచ్చు. చిన్న గాటుకైతే ఫర్వాలేదు.

బోలు లేని వానపాము, చేపపిల్ల ఎరలకు వేడి వైద్యం. తెగిన అంచులు తుడిచి, ఆరనివ్వాలి. పాత చాకు మొనను కొవ్వొత్తిపై వేడిచేసి, రెండు ముక్కల మధ్య పెట్టి, అంచులు కరగ్గానే లాగేసి, ముక్కలను కలిపి పట్టుకోవాలి. అర నిమిషం ఆగి చన్నీళ్లలో వేస్తే అతుకు గట్టిపడుతుంది. వంకరపోయిన తోకకు వేడినీళ్లలో ఓ ముంచు, చన్నీళ్లలో మరో ముంచు చాలు. ఒక్క జాగ్రత్త.. ఇవి ఎక్కువగా పీవీసీతో చేసినవి. మాడితే వచ్చే పొగ మంచిది కాదు. పని ఆరుబయటే చేయాలి, పిల్లల్ని దూరంగా ఉంచాలి. కరిగిన ప్లాస్టిక్ చర్మానికి అంటుకుంటే వదలదు. ఆ చాకు మళ్లీ వంటింట్లోకి రాకూడదు.

తమాషా ఏమిటంటే, ఈ ఎర పుట్టిందే వంటింట్లో! 1949లో అమెరికాలోని ఆక్రన్‌లో నిక్ క్రీమ్, భార్య కాస్మాతో కలిసి ఇంటి పొయ్యి మీదే ప్లాస్టిక్ వానపామును పోతపోశాడు.

బాగుచేసినవాటిని ఎక్కడబడితే అక్కడ కుక్కకూడదు. పీవీసీ ఎరలు, వేరే రకం సాగే రబ్బరు ఎరలు ఒకే డబ్బాలో పడితే ఒకదాన్నొకటి కరిగించుకుని ముద్దవుతాయి. ఏ రకం ప్యాకెట్ దానికే. మరీ తుక్కైపోయిన ఎరను ఇంటికే తెచ్చుకోవాలి. నీళ్లలో విసిరితే కుళ్లదు, చేప మింగితే అరగదు. చెరువేమో మళ్లీ నిండేది ఎన్నాళ్లకో!

చాలా చెరువుల్లో చేపల హక్కు మత్స్యకార సహకార సంఘాలది. గాలం వేసేముందు వాళ్లనో మాట అడగాలి. వానాకాలంలో నీటిపైన ఎర్రటి పిల్లల గుంపు మసలుతుంటే, కింద తల్లీతండ్రీ కాపలా కాస్తుంటాయి. అక్కడ కప్పను వేస్తే ఆకలితో కాదు, పిల్లల్ని కాపాడుకోవడానికే కాటేస్తాయి. పెద్దవి పట్టుబడితే ఆ గుంపు పక్షుల పాలు, ఇతర చేపల పాలు. అలాంటి చోట గాలం చుట్టేసి, కట్ట వెంబడి నాలుగడుగులు ముందుకు నడిస్తే సరి.