గొట్టములో నీరు ఎచ్చట వడిగా పోవును?

అశ్వారావుపేట, దమ్మపేట ప్రాంతముల ఆయిల్‌పామ్ తోటలలో నేడు డ్రిప్పు గొట్టములు పరచబడి యున్నవి. మొదటి చెట్లకు నీరు చాలుచున్నను కడపటి చెట్లు వాడుట కొన్నియెడల కలదు. ఇందుకు కారణములు పెక్కు. అందొకటి గొట్టములోని నీటి నడకయే. దానిని ఇచ్చట వివరించెదము.

నీరు గొట్టమునం దంతటను ఒకే వేగముతో పోదు. గోడకు తగిలిన నీరు దానినంటి నిలిచియుండును. అది తన ప్రక్క పొరను వెనుకకు లాగును. ఆ పొర తరువాతి పొరను లాగును. ఈ జిగటచేత నడిమికి పోవుకొలది వేగము హెచ్చును. నీరు కలత లేక నెమ్మదిగా పోవునపుడు నట్టనడుమ వేగము 100 అనుకొన్నచో, నడిమికిని గోడకును సగము దూరమున 75, గోడయొద్ద సున్న. మొత్తము సగటు 50.

ఇట్టి ప్రవాహమున వ్యాసము సగమైనచో, అదే ఒత్తిడికి నీరు సగము గాదు, పదునాఱవ వంతే వచ్చును. దీనిని జర్మనీ ఇంజనీరు హాగెను 1839లోను, ఫ్రెంచి వైద్యుడు ప్వాజేయ్ ఆ కాలముననే వేఱుగాను ప్రయోగములచే కనుగొనిరి. సన్నని సూక్ష్మగొట్టమున పాచి పట్టుట ఎంత నష్టమో దీనిచే తెలియగలదు.

వేగము మించినచో పొరలు చెదరి నీరు సుడులు తిరుగును. 1883లో ఇంగ్లాండున రెనాల్డ్సు గాజుగొట్టములో రంగు నీటిని వదలి ఈ మార్పును చూపెను. లోపలి వ్యాసము 14 మిల్లీమీటర్లు గల లేటరలులో గంటకు సుమారు 70 లీటర్లకు లోబడిన ప్రవాహము నెమ్మదిది. గంటకు 4 లీటర్ల డ్రిప్పర్లయినచో, కడపటి పదునేడింటి యొద్ద ఇదే స్థితి. అచ్చట సుడులు లేవు గాన, వడపోతను దాటిన సన్నని ఒండ్రు అడుగున దిగి, కదలని గోడనీటిలో నిలిచిపోవును. గోదావరి, కిన్నెరసాని నీరు ఎఱ్ఱబారు వానకాలమున ఇది మిక్కిలి హెచ్చును.

కావున వారమున కొకసారి లేటరలు చివరి మూతలను తెఱచి కడుగవలెను. ముందు పెద్ద గొట్టమును, పిమ్మట లేటరళ్లను కడుగుట క్రమము. అన్నిటిని ఒక్కమాఱు తెఱచినచో వేగము చాలదు. కొన్ని కొన్నిగా తెఱువవలెను. ఒండ్రు లేచుటకు నీరు సెకనుకు ఒక అడుగైనను పోవలెను. చివర బకెట్టు పట్టి చూచినచో నిమిషమునకు 3 లీటర్లు వచ్చుట అందుకు గుర్తు. నీరు తేటపడువఱకు మూత బిగింపరాదు.

ఇందులకు ఖర్చు లేదు. కొంత శ్రద్ధ చాలును. ఈ పని మానినచో, మోటారు ఎంత తిరిగినను కడపటి చెట్టుకు నీరందదు.