పాటలో వంతు

రాజంపేట దగ్గర తాళ్ళపాక అనే ఊరుంది. అది అన్నమయ్య పుట్టిన ఊరు. ఆయన 1408లో పుట్టాడని, 1503లో పోయాడని పెద్దలు చెబుతారు. వేంకటేశ్వర స్వామి మీద వేల పాటలు కట్టాడు. ఆయన భార్య తిమ్మక్క కూడా చదువుకున్న మనిషే. 'సుభద్రా కల్యాణం' అనే కావ్యం రాసింది. తెలుగులో కావ్యం రాసిన మొదటి ఆడమనిషి ఆమేనని అంటారు.

ఏటా వైశాఖ పున్నమికి తాళ్ళపాకలో అన్నమయ్య జయంతి చేస్తారు. పాటగాళ్ళు, వాయిద్యగాళ్ళు వస్తారు. మొదట అందరూ వరుసగా కూర్చుని కలిసి పాడతారు. దీన్ని గోష్ఠి గానం అంటారు. గోష్ఠి అంటే నలుగురూ కూడటం. ఆ తర్వాత ఒక్కొక్కరు తమ వంతు రాగానే పాడతారు.

వేదిక ఒకటే. పాడేవాళ్ళు చాలామంది. అందరూ చేయి తిరిగినవాళ్ళే. ఎవరి పాట వాళ్ళకు గొప్ప. మరి గొడవ పడకుండా ఎట్లా నడుస్తుంది?

వంతు ఎట్లా నడుస్తుంది?

బోరింగు దగ్గర బిందెల వరుస అందరికీ తెలిసిందే. ముందు పెట్టిన బిందె ముందు. ఎవరూ దూరకూడదు. ఎవరూ రెండు బిందెలు ఎక్కువ పట్టకూడదు. కచేరీలో వంతు కూడా అట్లాంటిదే.

కార్యక్రమం జరిపేవాళ్ళు ముందుగా ఒక పట్టిక రాస్తారు. ఎవరు ముందు, ఎవరు వెనక, ఎవరికి ఎంతసేపు అని అందులో ఉంటుంది. కొన్ని చోట్ల మనిషికి పావుగంట ఇస్తారు. కొన్ని చోట్ల అరగంట ఇస్తారు. అనుభవం ఉన్న మనిషి ఆ కొలతకు తగిన పాటే ఎంచుకుంటాడు. పావుగంట వంతుకు గంట పాట ఎత్తుకోడు. తన వెనక ఇంకొకరు కాచుకుని ఉన్నారని ఆయనకు తెలుసు.

కడపలో 1963లో రేడియో కేంద్రం మొదలైంది. సీమ కళాకారులకు అది మంచి వేదిక అయింది. రేడియోలో ప్రతి కార్యక్రమానికి లెక్క ప్రకారం సమయం ఉంటుంది. దాన్ని దాటడానికి లేదు. అక్కడ పాడినవాళ్ళకు గడియారం చూసి పాడటం అలవాటవుతుంది.

పక్కన కూర్చున్న మనిషి

పాడేవాళ్ళు మారుతూ ఉంటారు. పక్కవాద్యం వాళ్ళు మాత్రం చాలాసేపు మారరు. పక్కవాద్యం అంటే పాటకు తోడుగా వాయించేది. వయొలిన్, మృదంగం అట్లాంటివే.

ఒక్కొక్కరి గొంతు ఒక్కో ఎత్తులో ఉంటుంది. ఆ ఎత్తునే శృతి అంటారు. మగవాళ్ళు ఎక్కువగా ఒకటి, ఒకటిన్నర శృతిలో పాడతారు. ఆడవాళ్ళు ఐదు, ఐదున్నర శృతిలో పాడతారు. మనిషి మారినప్పుడు శృతి మారుతుంది. అందుకే మృదంగం వాయించేవాళ్ళు రెండు మృదంగాలు తెచ్చుకుంటారు.

మృదంగం కుడి పక్క నల్లటి పూత ఉంటుంది. ఎడమ పక్క తడిపిన ఉప్మా రవ్వ ముద్ద అంటిస్తారు. రవ్వ అంటిస్తేనే ఆ పక్క బరువైన మోత వస్తుంది. కచేరీ అయిపోగానే ఆ ముద్ద తీసేస్తారు. మళ్ళీ కచేరీకి మళ్ళీ కొత్త ముద్ద.

పాడే మనిషితో ముందు ఎప్పుడూ కలిసి వాయించకపోవచ్చు. అయినా రెండు వరసలు వినగానే దారి పట్టుకుంటారు. పాడే మనిషి చేతి తాళం మీద ఒక కన్ను, పాట మీద చెవి ఉంచుతారు. పాటను మించి మోత చేయరు. నడుమ వాళ్ళకు కూడా ఒక వంతు వస్తుంది. అప్పుడు పాట ఆగుతుంది. మృదంగం ఒక్కటే మోగుతుంది. దాన్ని తని ఆవర్తనం అంటారు. పెద్ద విద్వాంసుడు కూడా అప్పుడు నోరు మూసుకుని తాళం వేస్తాడు.

ఊళ్ళలో చెక్క భజన కూడా ఇట్లాగే నడుస్తుంది. తిరునాళ్ళలో నాలుగైదు జట్లు వస్తాయి. ఒక జట్టు అలిసిపోతే ఇంకో జట్టు అందుకుంటుంది. తెల్లారేదాకా పాట ఆగదు.

ఆడవాళ్ళ వంతు

ఇంత చక్కటి వంతులో ఒకప్పుడు ఆడవాళ్ళకు చోటు లేదు. ఆ చోటు ఎట్లా వచ్చిందో త్యాగరాజు కథలో తెలుస్తుంది.

త్యాగరాజు ఇంటిపేరు కాకర్ల. కంభం దగ్గర కాకర్ల అనే ఊరుంది. ఆయన పూర్వీకులది ఆ ఊరేనని చెబుతారు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా ఆ ప్రాంతం కర్నూలు జిల్లాలో ఉండేది. త్యాగరాజు మాత్రం తమిళ దేశంలో పుట్టి పెరిగాడు. 1847లో తంజావూరు దగ్గర తిరువయ్యారులో పోయాడు. అయినా ఆయన పాటలు చాలా వరకు తెలుగువే.

ఆయన పోయిన తిథి పుష్య బహుళ పంచమి. ఏటా ఆ రోజు సంగీత విద్వాంసులు తిరువయ్యారులో చేరి పాడతారు. దాన్ని ఆరాధన అంటారు. మొదట్లో విద్వాంసులు రెండు జట్లుగా చీలి, వేరువేరుగా ఆరాధన చేసేవాళ్ళు. ఏ జట్టులోనూ ఆడవాళ్ళను పాడనిచ్చేవాళ్ళు కాదు.

అప్పుడు బెంగుళూరు నాగరత్నమ్మ ముందుకు వచ్చింది. ఆమె 1878లో మైసూరు సీమలో పుట్టింది. దేవదాసి కుటుంబం. తెలుగు, సంస్కృతం, సంగీతం బాగా నేర్చుకుంది. కచేరీలు చేసి పేరు, డబ్బు సంపాదించింది.

త్యాగరాజు సమాధి పాడుబడి ఉందని ఆమెకు తెలిసింది. తన నగలు, ఆస్తి ఖర్చు పెట్టి అక్కడ గుడి కట్టించింది. 1925లో గుడి పూర్తయింది. గుడి కట్టించింది ఆడమనిషి. ఆ గుడి ముందర పాడటానికి మాత్రం ఆడమనిషికి వంతు లేదు!

నాగరత్నమ్మ ఏడుస్తూ కూర్చోలేదు. 1927లో ఆడవాళ్ళను కూడగట్టింది. గుడి వెనక పక్క వేరేగా ఆరాధన మొదలుపెట్టింది. ఆడవాళ్ళే పాడారు. ఏటా పాడారు. ఒక ఏడుతో వదిలిపెట్టలేదు.

చివరికి 1940 ప్రాంతంలో అన్ని జట్లూ ఒకటయ్యాయి. ఆడా మగా ఒకే చోట కూర్చుని పాడటం మొదలైంది. అప్పటినుంచి త్యాగరాజు పాటల్లో ఐదింటిని అందరూ ఒకే గొంతుగా పాడుతున్నారు. వాటిని పంచరత్నాలు అంటారు. తర్వాత ఒక్కొక్కరికి కొద్దిసేపు వంతు. ఎంత పేరున్న మనిషైనా అంతే.

నాగరత్నమ్మ 1952లో కన్నుమూసింది. ఆమె సమాధి కూడా తిరువయ్యారులో త్యాగరాజు సమాధి దగ్గరే ఉంది.

ఇప్పుడు ఊరూరా త్యాగరాజు ఆరాధనలు జరుగుతున్నాయి. ఆడవాళ్ళు ముందు వరుసలో కూర్చుని పాడుతున్నారు. పల్లెల్లో ఆడవాళ్ళ కోలాటం జట్లు, భజన జట్లు ఉన్నాయి.

పట్టికలో పేరు

వంతు అంటే దయ కాదు, హక్కు. ఆ హక్కు కాగితం మీద ఉంటుంది. పట్టికలో పేరు ఉందా? ఎన్నో పేరు? ఎంతసేపు రాశారు? చదవడం వచ్చిన మనిషి ఇవి తానే చూసుకోగలదు. "నీ వంతు అయిపోయిందిలే, పోమ్మా" అంటే ఊరికే దిగిరాదు. పట్టిక చూపించమని అడుగుతుంది.

అట్లాగే తన వంతు ముగిశాక పక్కకు జరుగుతుంది. వెనక కాచుకున్న అక్కకు చోటిస్తుంది. తాళం వేస్తూ ఆమె పాట వింటుంది.

మాట్లాడుకోండి:
1. మీ ఊరి తిరునాళ్ళలో ఎవరెవరు పాడతారు? ఆడవాళ్ళకు వంతు ఉందా?
2. మీ ఊళ్ళో పాత పాటలు తెలిసిన ముసలవ్వలు ఎవరు? వాళ్ళ పాటలు ఎవరైనా రాసిపెట్టారా?
3. నాగరత్నమ్మ వేరేగా ఆరాధన ఎందుకు మొదలుపెట్టింది?