వెబ్‌సైట్ పట్టా ఎవరి పేరు మీద ఉంది?

పొలం మనం దున్నినా పట్టా ఇంకొకరి పేరు మీద ఉంటే ఏమవుతుందో మన వాడల్లో ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. దళితుల చిన్న వ్యాపారాల మీద పరిశోధన కోసం తిరుగుతున్నప్పుడు అదే కథ మాకు ఇంటర్నెట్‌లోనూ ఎదురైంది. హైదరాబాద్‌లో తోలు చెప్పులు, బ్యాగులు తయారుచేసే ఒక అన్న అప్పు చేసి వెబ్‌సైట్ పెట్టించుకున్నారు. చేసిచ్చిన సంస్థ డొమైన్‌ను, అంటే సైట్ చిరునామాను, తన పేరు మీదే కొన్నది. రెండేళ్లు తిరిగేసరికి ఫోన్ ఎత్తడం మానేసింది. గడువు దాటింది, సైట్ మాయమైంది. కవర్ల మీద, కార్డుల మీద అచ్చు వేయించిన ఆ చిరునామా ఇప్పుడు తెరుచుకోదు.

ఈ నష్టాన్ని డబ్బుతోనే కొలవలేం. లందలో తోలు ఊరబెట్టి, తంగేడు చెక్కతో పదును చేసి, ఆరె, రంపె పట్టి కుట్టిన చేతులకు మార్కెట్‌లో ఎన్నడూ పేరు దక్కలేదు. సరుకు దళారి చేతికి పోతుంది, పేరు షోరూముకు పోతుంది. కొల్హాపురి చెప్పుల సంగతే చూడండి. మహారాష్ట్ర, కర్ణాటకల్లోని ఎనిమిది జిల్లాలకు కలిపి 2019లో వాటికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అయినా 2025 జూన్‌లో ప్రాడా సంస్థ అచ్చం అలాంటి చెప్పులనే మిలాన్ ఫ్యాషన్ ప్రదర్శనలో పెట్టింది. అవి ఎక్కడివో, ఎవరి పనితనమో మొదట చెప్పనేలేదు. గొడవ అయ్యాకే వాటి మూలం భారతీయ చేతివృత్తి అని ఒప్పుకుంది. చేసినవాళ్లు తమ పేరు తామే చెప్పుకునే చోటు ఒకటి ఉండాలి. చిన్న వ్యాపారికి వెబ్‌సైట్ అలాంటి చోటు. దాన్ని ఎలా కట్టుకోవాలో, ఎలా నలుగురికీ చేర్చాలో మేము గమనించిన సంగతులు ఇవి.

ముందు పట్టా

డొమైన్‌ను వ్యాపారి సొంత పేరుతో, సొంత ఈమెయిల్‌తో, సొంత ఫోన్ నంబర్‌తోనే కొనాలి. డాట్ ఇన్ చిరునామాకు సాధారణంగా ఏడాదికి వెయ్యి రూపాయల లోపే అవుతుంది. సైట్ ఎవరు చేసినా పాస్‌వర్డ్‌లు యజమాని దగ్గర ఉండాలి, గడువు తేదీ గోడ క్యాలెండర్ మీద రాసి ఉండాలి. అమెజాన్‌లోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో అమ్మకాలు బాగుంటే అమ్మండి. కానీ అది కౌలు భూమి. కమిషన్ పెంచినా ఖాతా మూసేసినా అడగలేం.

మొదటి తెర

కొనేవాళ్లలో ఎక్కువమంది ఫోన్‌లోనే చూస్తారు. పేజీ తెరవగానే ఏం అమ్ముతారు, ఏ ఊరు, ధర ఎంత, ఎవరికి ఫోన్ చేయాలి అన్న నాలుగు ప్రశ్నలకు జవాబు దొరకాలి. నంబర్ నొక్కితే కాల్ కలవాలి, వాట్సాప్ తెరుచుకోవాలి. ఫొటోలు పగటి వెలుగులో తీసి, సైజు తగ్గించి పెట్టాలి. లేకపోతే పేజీ తెరుచుకునేలోపే చూసేవాళ్లు వెళ్లిపోతారు. చాలామంది కరపత్రాన్నే ఫొటో తీసి పెట్టేస్తారు. బొమ్మలో ఉన్న అక్షరాల మీద గూగుల్ ఆధారపడదు. కాబట్టి పేరు, ధర, కొలత, వాడిన తోలు రకం అన్నీ అక్షరాల్లో టైపు చేయాలి. ఒక్కో సరుకుకు ఒక్కో పేజీ ఉంటే ఇంకా మంచిది. తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ రాయాలి.

కులం పేరు చెప్పాలా?

మేము మాట్లాడినవాళ్లందరూ తడబడింది ‘మా గురించి’ పేజీ దగ్గరే. ఆ భయం ఊరికే పుట్టలేదు. సుఖదేవ్ థోరట్, పాల్ అట్టెవెల్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకే అర్హతలున్నా దళితుల ఇంటిపేర్లతో వెళ్లిన ఉద్యోగ దరఖాస్తులకు ప్రైవేటు కంపెనీల నుంచి పిలుపులు తక్కువ వచ్చాయి. అది ఉద్యోగాల సంగతి అయినా, పేరు చూసి వెనక్కి తగ్గే కొనుగోలుదారు దుకాణంలోనూ ఉంటాడు. మరోవైపు చంద్రభాన్ ప్రసాద్ 2016లో ‘దళిత్ ఫుడ్స్’ అనే పేరుతోనే కారం, పచ్చళ్లు ఆన్‌లైన్‌లో పెట్టారు. మన చేతి వంట ముట్టనన్న సమాజానికి అది నేరుగా వేసిన ప్రశ్న. ముంబైలో సుధీర్ రాజ్‌భర్ తిట్టుగా వాడే పేరునే బ్రాండ్‌గా నిలబెట్టి ‘చమార్ స్టూడియో’ నడుపుతున్నారు. ఏది సరైనదో తేల్చాల్సింది ఇంటి ఖర్చు ఆ దుకాణం మీద నడిచే మనిషే. సైట్ చేసిచ్చే మనమో ఉద్యమమో ఆ నిర్ణయం తీసుకోకూడదు. కులం చెప్పినా చెప్పకపోయినా, పని చేసే చేతుల ఫొటో, ఎన్నేళ్ల అనుభవం, ఎలా తయారవుతుంది అన్న నాలుగు మాటలు మాత్రం ఉండాలి. నమ్మకం అక్కడే మొదలవుతుంది.

సైట్ పెట్టగానే జనం రారు

మొదట గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ తెరవాలి. దీనికి డబ్బు కట్టనక్కర్లేదు. దుకాణం మ్యాప్‌లో కనిపిస్తుంది. సైట్‌లో, ప్రొఫైల్‌లో, బోర్డు మీద పేరు, చిరునామా, నంబర్ ఒకేలా ఉండాలి. సరుకు తీసుకెళ్లినవాళ్లను రెండు మాటలు రివ్యూ రాయమని అడగాలి. దొంగ రివ్యూలు కొనొద్దు, పట్టుబడితే ఉన్న పేరూ పోతుంది. సెర్చ్ కన్సోల్ అనే ఉచిత సాధనంలో జనం ఏ మాటలు వెతికి మన దగ్గరికి వచ్చారో నెలకోసారి చూడాలి. వాళ్లు ‘కిర్రు చెప్పులు’ అని వెతుకుతుంటే మన పేజీలో ఆ మాటే ఉండాలి. ప్రకటనలకు డబ్బు పెట్టడం వీటన్నిటి తర్వాతి పని.

ప్రభుత్వం కూడా కొనుగోలుదారే

కేంద్ర మంత్రిత్వ శాఖలు, ప్రభుత్వ రంగ సంస్థలు తమ వార్షిక కొనుగోళ్లలో 25 శాతం సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుంచి కొనాలి. అందులో 4 శాతం ఎస్సీ, ఎస్టీల యాజమాన్యంలోని వాటికి కేటాయించారు. భాగస్వామ్య సంస్థ అయితే కనీసం 51 శాతం వాటా వాళ్లదై ఉండాలి. దీనికోసం ఉద్యం రిజిస్ట్రేషన్ చేసుకుని, ప్రభుత్వ కొనుగోళ్ల పోర్టల్ ‘జెమ్’లో చేరాలి. 2016లో మొదలైన జాతీయ ఎస్సీ ఎస్టీ హబ్ పని ఇందుకు సాయపడటమే. వెబ్‌సైట్ టెండర్ తెచ్చిపెట్టదు. అయితే ఉద్యం నంబర్, జీఎస్టీ నంబర్, నెలకు ఎంత సరుకు ఇవ్వగలరు, ఇంతకుముందు ఎవరికి ఇచ్చారు అన్నవి ఒక పేజీలో ఉంటే, ‘మీకు అంత శక్తి ఉందా’ అని అడిగే అధికారికి అది జవాబు.

వెబ్‌సైట్ కులాన్ని నిర్మూలించదు. పెట్టుబడి, బ్యాంకు రుణం, దుకాణానికి అద్దె గది దొరకడం లాంటి గోడలు అలాగే ఉన్నాయి. వాటి మీద పోరాటం ఆగకూడదు. ఈలోగా కంప్యూటర్ చదువుతున్న మన విద్యార్థులు ఈ సెలవుల్లో ఒక్కొక్కరు ఒక్క దుకాణం దగ్గర కూర్చున్నా చాలు. సైట్ చేసిచ్చి, ఎలా నడపాలో నేర్పి, వెళ్లేటప్పుడు తాళంచెవి యజమాని చేతిలో పెట్టి రండి. మేము మొదట చెప్పిన అన్న కొత్త చిరునామా కొనుక్కున్నారు. ఈసారి తన పేరు మీదే.