గిబ్బన్ 15, 16 అధ్యాయాల వివాదం

ఆంగ్ల చరిత్రకారుడు ఎడ్వర్డ్ గిబ్బన్ (1737 - 1794) రచించిన "రోమన్ సామ్రాజ్య క్షీణత, పతనముల చరిత్ర" అనే గ్రంథము యొక్క మొదటి సంపుటం 1776 ఫిబ్రవరి 17న లండన్‌లో వెలువడినది. ఆ సంపుటంలోని చివరి రెండు అధ్యాయములు, అనగా 15, 16 అధ్యాయములు, తొలి క్రైస్తవ సంఘముల చరిత్రకు సంబంధించినవి. క్రైస్తవ మతవ్యాప్తిని మానవసహజమైన కారణములతో వివరించిన ఈ అధ్యాయములపై విశ్వాసులు, మతాచార్యులు తీవ్రమైన అభ్యంతరములు తెలిపిరి. ఆ అభ్యంతరములు, వాటికి గిబ్బన్ ఇచ్చిన సమాధానము, తరువాతి కాలంలో సాగిన చర్చ ఈ వ్యాసవిషయము. ఒక మతం పుట్టుకను చరిత్రకారుడు ఏ విధముగా వ్రాయవలెను అనే ప్రశ్న ఈ వివాదమునకు మూలము.

నేపథ్యం

గిబ్బన్ ఇంగ్లండులోని పట్నీ గ్రామంలో జన్మించెను. ఆక్స్‌ఫర్డ్‌లోని మాగ్డలెన్ కళాశాలలో చదువుచుండగా 1753లో రోమన్ కాథలిక్ మతమును స్వీకరించెను. ఆగ్రహించిన తండ్రి అతనిని స్విట్జర్లాండులోని లొసాన్ పట్టణమునకు పంపి, కాల్విన్ సంప్రదాయమునకు చెందిన ఒక బోధకుని వద్ద ఉంచెను. 1754 క్రిస్మస్ నాడు గిబ్బన్ తిరిగి ప్రొటెస్టంటు సంఘములో చేరెను. చిన్న వయసులోనే రెండుసార్లు మతము మారిన ఈ అనుభవము, మతవివాద గ్రంథములతో అతనికి గాఢమైన పరిచయము కలిగించినది. 1764 అక్టోబరులో రోమ్ నగర శిథిలములను చూచినప్పుడు ఈ చరిత్ర వ్రాయవలెనన్న తలంపు కలిగినదని అతడు తన ఆత్మకథలో పేర్కొన్నాడు.

ఆనాటి ఇంగ్లండులో మతధిక్కారము చట్టరీత్యా నేరము. క్రైస్తవ మతసత్యమును బహిరంగముగా నిరాకరించినవారికి 1698 నాటి చట్టము శిక్షలు విధించినది. అందువలన మతమును ప్రశ్నించదలచిన రచయితలు సూటిగా వ్రాయక వ్యంగ్యమును ఆశ్రయించుట పరిపాటి. గిబ్బన్ శైలికి ఇది కూడా ఒక కారణము కావచ్చును.

15వ అధ్యాయంలోని వాదన

క్రైస్తవ మతము విజయము పొందుటకు ఆ మతబోధలోని సత్యము, దైవసంకల్పము మూలకారణములని గిబ్బన్ మొదటనే ఒప్పుకొనును. అయితే సత్యము లోకంలో అంత సులభముగా ఆదరణ పొందదు గనుక, దైవసంకల్పము మానవ స్వభావమును, పరిస్థితులను సాధనములుగా వాడుకొనునని చెప్పి, ఆ రెండవ తరగతి కారణములను మాత్రమే పరిశీలించెదనని ప్రకటించును. అతడు పేర్కొన్న ఐదు కారణములు:

1. యూదు మతము నుండి సంక్రమించిన, రాజీ ఎరుగని మతోత్సాహము.
2. మరణానంతర జీవితమును గూర్చిన సిద్ధాంతము.
3. తొలి సంఘమునకు ఉన్నవని చెప్పబడిన అద్భుతశక్తులు.
4. క్రైస్తవుల పరిశుద్ధమైన, కఠినమైన నీతివర్తనము.
5. సంఘముల ఐక్యత, క్రమశిక్షణ. ఇవి సామ్రాజ్యములోనే మరియొక రాజ్యమువలె పెరిగినవని గిబ్బన్ అభిప్రాయము.

ఈ అధ్యాయములో సంఖ్యలను గూర్చిన చర్చ కూడా కలదు. 3వ శతాబ్దపు మధ్యభాగంలో రోమ్ సంఘమునకు ఒక బిషప్పు, 46 మంది పెద్దలు ఉండిరని, 1,500 మంది వితంతువులు, దరిద్రులు సంఘపోషణలో ఉండిరని ఆనాటి బిషప్పు కొర్నేలియస్ లేఖ వలన తెలియుచున్నది. దీని ఆధారముగా, పది లక్షలకు తక్కువ కాని జనాభా గల రోమ్ నగరంలో క్రైస్తవులు సుమారు 50,000 మంది ఉండవచ్చునని గిబ్బన్ అంచనా వేసెను. కాన్‌స్టంటైన్ చక్రవర్తి మతము మారుటకు ముందు సామ్రాజ్య ప్రజలలో క్రైస్తవులు ఇరవయ్యవ వంతుకు మించలేదని అతని నిర్ణయము.

అధ్యాయము చివర, యేసు సిలువ వేయబడిన సమయమున కమ్మినదని సువార్తలు చెప్పు చీకటిని గూర్చి ప్రస్తావించును. ప్రకృతి వింతలను శ్రద్ధగా సేకరించిన సెనెకా, పెద్ద ప్లినీ దానిని పేర్కొనకపోవుటను గిబ్బన్ వ్యంగ్యముగా ఎత్తిచూపెను.

16వ అధ్యాయంలోని వాదన

ఈ అధ్యాయము నీరో కాలం నుండి కాన్‌స్టంటైన్ కాలం వరకు క్రైస్తవులపై జరిగిన హింసను గూర్చినది. రోమన్ అధికారులు చాలావరకు మతద్వేషముతో కాక పాలనావసరములను బట్టి నడుచుకొనిరని, హింస ఎడతెగక సాగలేదని, హతసాక్షుల సంఖ్యను తరువాతి రచయితలు అధికము చేసిరని గిబ్బన్ వాదించెను.

303లో డయోక్లీషియన్ ఆరంభించిన హింసాకాండకు అతడు ఒక లెక్క కట్టెను. ఆ కాలమునకు చెందిన చరిత్రకారుడు, కైసరియ బిషప్పు యూసీబియస్ పాలస్తీనా హతసాక్షులను గూర్చి వ్రాసిన గ్రంథము నుండి గిబ్బన్ 92 మందిని లెక్కించెను. పాలస్తీనా తూర్పు సామ్రాజ్యములో పదహారవ వంతు అనుకొన్నచో, తూర్పు భాగమంతటికీ సుమారు 1,500 మంది అగుదురు. హింస త్వరగా ముగిసిన పశ్చిమ ప్రాంతములను కూడా కలిపినను మొత్తము 2,000కు లోపే ఉండునని అతడు తేల్చెను. 16వ శతాబ్దములో ఒక్క నెదర్లాండ్స్‌లోనే లక్షకు పైగా ప్రజలు మతకారణముగా వధింపబడిరని గ్రోషియస్ వ్రాసిన మాటను దీనికి పోటీగా చూపి, అన్యమతస్థుల చేతిలో కంటె తోటి క్రైస్తవుల చేతిలోనే క్రైస్తవులు అధికముగా నశించిరని అధ్యాయమును ముగించెను.

విమర్శకులు

మొదటి సంపుటం మొదటి ముద్రణ 1,000 ప్రతులు త్వరలోనే అమ్ముడుపోయినవి. ఆ వెనువెంటనే ఖండన గ్రంథములు వెలువడసాగినవి. వాటిలో ముఖ్యమైనవి వ్రాసినవారు:

రిచర్డ్ వాట్సన్: కేంబ్రిడ్జ్‌లో మతశాస్త్ర ఆచార్యుడు. 1776లో లేఖల రూపంలో సమాధానము ప్రచురించెను. తరువాత లాండాఫ్ బిషప్పు అయ్యెను. ఇతని మర్యాదపూర్వకమైన ధోరణిని గిబ్బన్ కూడా గౌరవించెను.

జేమ్స్ చెల్సమ్: 1776లో చివరి రెండు అధ్యాయములపై విమర్శ వ్రాసెను. 1778లో దానిని పెంచి మరల ప్రచురించెను.

హెన్రీ ఎడ్వర్డ్స్ డేవిస్: ఆక్స్‌ఫర్డ్‌లోని బేలియల్ కళాశాలకు చెందిన యువకుడు. 1778లో గిబ్బన్ అధోజ్ఞాపికలను ఒక్కొక్కటిగా పరీక్షించి, తప్పుడు ఉదాహరణలు, గ్రంథచౌర్యము అనే ఆరోపణలు చేసెను.

డేవిడ్ డాల్రింపుల్ (లార్డ్ హెయిల్స్): స్కాట్లండుకు చెందిన న్యాయమూర్తి. గిబ్బన్ చెప్పిన ఐదు కారణములనే తీసుకొని 1786లో ప్రత్యేక గ్రంథము వ్రాసెను.

విమర్శకులందరూ ఒకే పక్షమువారు కారు. త్రిత్వ సిద్ధాంతమును అంగీకరించని జోసెఫ్ ప్రీస్ట్లీ కూడా 1782లో గిబ్బన్‌ను వాదమునకు ఆహ్వానించెను. అతడు సంఘపు సంప్రదాయ సిద్ధాంతములను, గిబ్బన్ సంశయవాదమును సమానముగా తిరస్కరించినవాడు. మరుసటి సంవత్సరం, 1783లో, రోమన్ కాథలిక్ సంఘము గిబ్బన్ గ్రంథమును తన నిషిద్ధ గ్రంథముల పట్టికలో చేర్చినది.

ప్రధాన అభ్యంతరములు

మూలకారణమును ప్రక్కన పెట్టుట: దైవసంకల్పమును ఒక్క వాక్యములో ఒప్పుకొని, ఆ తరువాత దాని ప్రసక్తి లేకుండ చరిత్రనంతటిని నడుపుట నిజాయితీ కాదని విశ్వాసులు వాదించిరి. వారి దృష్టిలో అది ఒప్పుకోలు కాదు, మర్యాద మాటున చేసిన నిరాకరణ.

వ్యంగ్యము: వాదమునకు ప్రతివాదము చెప్పవచ్చును గాని ఎగతాళి నవ్వును ఖండించుట ఎట్లని విలియం పేలీ 1785లో ఆవేదన వ్యక్తపరచెను. గిబ్బన్ ఏమి చెప్పెనో కాక ఏమి సూచించెనో ఖండించవలసి వచ్చుట విమర్శకులకు పెద్ద చిక్కు అయినది.

కారణముల చాలమి: గిబ్బన్ చెప్పిన కారణములు నిజమే అయినను అవి ఫలితములే గాని కారణములు కావని పలువురు వాదించిరి. శిష్యులకు అంత ఉత్సాహము ఎక్కడినుండి వచ్చినది? పునరుత్థానమును చూచితిమన్న నమ్మకము వలన వచ్చినది అని వారి సమాధానము. యూదులకు కూడా మతోత్సాహము ఉండగా వారి మతము ఆ విధముగా ఎందుకు వ్యాపించలేదన్న ప్రశ్నను కూడా వారు లేవనెత్తిరి.

మౌనము సాక్ష్యము కాదనుట: సువార్తలలోని చీకటి యూదయ దేశమునకే పరిమితమై ఉండవచ్చునని, కాబట్టి రోమన్ రచయితల మౌనము వలన ఏమియు తేలదని సమాధానము చెప్పిరి.

యూసీబియస్ విశ్వసనీయత: మతమునకు కీర్తి తెచ్చు విషయములను వ్రాసి, అపకీర్తి తెచ్చువాటిని విడిచితినని యూసీబియస్ పరోక్షముగా ఒప్పుకొన్నాడని గిబ్బన్ వ్రాసెను. హింసకు లొంగిపోయినవారి కథలను, సంఘములలోని కలహములను వర్ణింపక, చదువరులకు ఉపయోగపడు సంగతులనే వ్రాయుదునని యూసీబియస్ చెప్పిన మాట వాస్తవమే. కాని తాను దేనిని విడుచుచున్నాడో ముందుగానే చెప్పిన రచయితను మోసగానిగా చూపరాదని విశ్వాసుల పక్షము. ఆ లోపములు సంఘములో ఉండెనని అతడు ఆ సందర్భములోనే అంగీకరించెనని వారు గుర్తుచేసిరి.

గిబ్బన్ సమాధానము

మూడు సంవత్సరములు మౌనము వహించిన గిబ్బన్, 1779 జనవరిలో తన రెండు అధ్యాయములను సమర్థించుచు ఒక చిన్న గ్రంథము ప్రచురించెను. తన మతాభిప్రాయములపై వచ్చిన విమర్శలను సహించవచ్చును గాని, చరిత్రకారునిగా తన సత్యసంధతపై డేవిస్ చేసిన ఆరోపణలకు ఊరకుండరాదని అతడు భావించెను. మూలగ్రంథములను వరుసగా ఎదుట పెట్టి డేవిస్ పొరపాట్లను చూపెను. పండితలోకములో ఈ సమాధానము గిబ్బన్ పాండిత్యమును స్థిరపరచినది. అయితే సువార్తల సత్యమును గూర్చిన ప్రశ్న జోలికి అతడు పోలేదు. ఇంగ్లండు పాఠకులకు క్రైస్తవ మతముపై అంతటి మమకారము కలదని ముందే ఎరిగియుండినచో ఆ అధ్యాయములను కొంత మృదువుగా వ్రాసియుండెడివాడనని తరువాత ఆత్మకథలో పేర్కొన్నాడు.

యోహాను పత్రికలోని వాక్యము

1781లో వెలువడిన సంపుటములతో మరియొక వివాదము పుట్టినది. యోహాను మొదటి పత్రిక 5వ అధ్యాయములో, పరలోకమందలి ముగ్గురు సాక్షులను పేర్కొను వాక్యభాగము మూలములో లేదని, తరువాత చేర్చబడినదని గిబ్బన్ వ్రాసెను. త్రిత్వ సిద్ధాంతమునకు ఆధారముగా చెప్పబడు వాక్యము అగుటచే, జార్జ్ ట్రావిస్ అను మతాచార్యుడు 1784లో దానిని సమర్థించుచు గిబ్బన్‌కు లేఖలు ప్రచురించెను. గ్రీకు పండితుడు రిచర్డ్ పోర్సన్ 1790లో ట్రావిస్ వాదమును సమగ్రముగా ఖండించెను. ప్రాచీన గ్రీకు ప్రతులలో ఈ వాక్యభాగము లేదన్నది నేడు క్రైస్తవ పండితులు కూడా అంగీకరించిన విషయము. తెలుగునాట విస్తృతముగా వాడుకలో ఉన్న బైబిలు అనువాదములోను ముగ్గురు సాక్షులుగా ఆత్మ, నీళ్లు, రక్తము మాత్రమే కనబడును. విశ్వాసుల అభ్యంతరము ఆధారముల ముందు నిలువలేకపోయిన సందర్భమునకు ఇది ఉదాహరణ.

న్యూమన్ విమర్శ

19వ శతాబ్దములో వచ్చిన విమర్శలలో జాన్ హెన్రీ న్యూమన్ చేసినది ప్రసిద్ధమైనది. సంఘచరిత్రకారుడనదగిన ఆంగ్ల రచయిత బహుశః అవిశ్వాసి అయిన గిబ్బన్ ఒక్కడేనని అతడు 1845లో విచారముతో ఒప్పుకొనెను. అయినను 1870లో వెలువడిన తన గ్రంథములో ఐదు కారణముల వాదమును సూటిగా ఎదుర్కొనెను. ఐదు కారణములు వేర్వేరుగా నిజమైనను, అవి ఐదూ ఒకేచోట, ఒకే కాలములో ఎట్లు కలిసినవో గిబ్బన్ చెప్పలేదని న్యూమన్ వాదన. విశ్వాసుల హృదయములలో నిలిచిన క్రీస్తు రూపమే వాటిని ఒక్కటిగా కూర్చినదని అతని సిద్ధాంతము. ఈ వాదము అధోజ్ఞాపికల తప్పులను వెదకుట మాని, వివరణలోని లోటును చూపినది. కనుకనే ఇది డేవిస్ విమర్శ కంటె ఎక్కువ కాలము నిలిచినది.

ఆధునిక చరిత్రకారుల దృష్టిలో

తరువాతి పరిశోధన రెండు పక్షములకును పూర్తిగా అనుకూలముగా లేదు. 300 ప్రాంతమున సామ్రాజ్య జనాభాలో క్రైస్తవులు సుమారు పదవ వంతు ఉండవచ్చునని నేడు పలువురు అంచనా వేయుచున్నారు. ఇది గిబ్బన్ చెప్పిన దానికి రెట్టింపు. సామాజిక శాస్త్రవేత్త రోడ్నీ స్టార్క్ 1996లో ప్రచురించిన గ్రంథములో, దశాబ్దమునకు 40 శాతము చొప్పున వృద్ధి జరిగినచో ఈ సంఖ్యకు చేరవచ్చునని, దానికి సామూహిక మతమార్పిడులు అవసరము లేదని చూపెను.

హతసాక్షుల విషయములో, పాలస్తీనా లెక్కను సామ్రాజ్యమంతటికి వర్తింపజేయుట గిబ్బన్ పద్ధతిలోని బలహీనత. ఈజిప్టులోని థెబాయిడ్ ప్రాంతమున కొన్ని దినములలో పదుల సంఖ్యలోను, ఒక్కొక్కప్పుడు దినమునకు నూరుమంది వరకు వధింపబడిరని యూసీబియస్ వ్రాసెను. హింస అన్ని ప్రాంతములలో ఒకే తీరున లేదు. చరిత్రకారుడు ఫ్రెండ్ 1965లో ఈ హింసాకాండ మృతులను 3,000 నుండి 3,500 వరకు అంచనా వేసెను. ఇది గిబ్బన్ సంఖ్య కంటె ఎక్కువ అయినను, సంప్రదాయ కథలలోని సంఖ్యల కంటె చాలా తక్కువ. హింస ఎడతెగక సాగలేదన్న గిబ్బన్ అభిప్రాయమును నేటి చరిత్రకారులు చాలావరకు అంగీకరింతురు.

ప్రాముఖ్యము

ఈ వివాదము వలన రెండు ప్రశ్నలను వేరుచేయుట సాధ్యమైనది. ఒక సంఘటన ఎప్పుడు, ఎక్కడ, ఏ ఆధారముతో జరిగినదన్నది మొదటిది. దీనికి విశ్వాసి, అవిశ్వాసి ఒకే ప్రతులను, ఒకే శాసనములను చూపవలసి ఉండును. డేవిస్ ఆరోపణలు, యోహాను పత్రిక వాక్యము ఈ తరగతికి చెందినవి. ఆ సంఘటన వెనుక దైవసంకల్పము కలదా అన్నది రెండవది. దీనిని చారిత్రక ఆధారములతో నిరూపించుట గాని కాదనుట గాని కుదరదు. మొదటి ప్రశ్నకు మాత్రమే సమాధానము చెప్పెదనని గిబ్బన్ మాట ఇచ్చెను. కాని తన వ్యంగ్యముతో రెండవ దానికి కూడా సమాధానము సూచించెనని విశ్వాసుల ఫిర్యాదు. ఈ ఫిర్యాదులో కొంత న్యాయము కలదని గిబ్బన్ గ్రంథమునకు 1838 - 39లో వివరణలు వ్రాసి ప్రచురించిన మతాచార్యుడు హెన్రీ హార్ట్ మిల్మన్ వంటివారు భావించిరి. అంతకుముందు, 1825లో మరణించిన థామస్ బౌడ్లర్ అభ్యంతరకరమైన భాగములను తొలగించి ఒక ప్రతిని సిద్ధము చేసెను. మిల్మన్ గిబ్బన్ మాటలను తొలగింపక, వాటి క్రింద తన సమాధానములను చేర్చెను. తరువాతి పాఠకులలో బౌడ్లర్ ప్రతి మరుగునపడగా, మిల్మన్ ప్రతి పలుమార్లు ముద్రణ పొందినది.