మాకినా జలసంధి ఒడ్డున ధ్రువకాంతులు

ధ్రువకాంతులు నార్వే, ఐస్‌లాండ్, అలాస్కా వంటి మంచు ప్రాంతాలకే పరిమితమన్న అభిప్రాయం లోకంలో బలంగా ఉంది. అయితే అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, దిగువ ద్వీపకల్పపు కొసన, మాకినా సిటీకి పడమరగా ఉన్న హెడ్‌ల్యాండ్స్ అనే సంరక్షిత ప్రాంతం నుంచి కూడా ఏడాదిలో కొన్ని రాత్రులు అవి కనిపిస్తాయి. సుమారు 550 ఎకరాల అడవితో, ఇళ్లూ వాకిళ్లూ లేని ఒడ్డుతో మిషిగన్ సరస్సును ఆనుకొని ఉన్న ఈ ప్రదేశం దాదాపు 46 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఇటలీలోని మిలాన్ నగరమూ ఇంచుమించు అంతే ఉత్తరాన ఉన్నా అక్కడ ఈ దృశ్యం చాలా అరుదు. ధ్రువకాంతులు భౌగోళిక ధ్రువాన్ని కాక భూ అయస్కాంత ధ్రువాన్ని చుట్టుకొని వలయంగా ఏర్పడటమే ఈ తేడాకు కారణం. ఆ ధ్రువం కెనడా ఉత్తర దీవుల వైపు ఒరిగి ఉండటం వల్ల, అయస్కాంత అక్షాంశాల లెక్కలో హెడ్‌ల్యాండ్స్ 55వ డిగ్రీ దగ్గరకు చేరుతుండగా మిలాన్ 46వ డిగ్రీ దగ్గరే ఆగిపోతుంది.

సూర్యుని నుంచి ఎలక్ట్రాన్లు, ప్రోటాన్లతో కూడిన పలుచని ప్రవాహం నిరంతరం వెలువడుతూ, సాధారణంగా సెకనుకు 400 కిలోమీటర్ల వేగంతో అంతరిక్షంలోకి సాగిపోతుంటుంది. దీన్నే సౌరపవనం అంటారు. ఒక్కొక్కప్పుడు సూర్యుని బాహ్య వాతావరణమైన కరోనా నుంచి వందల కోట్ల టన్నుల పదార్థం తన అయస్కాంత క్షేత్రంతో సహా ఒక్కుమ్మడిగా ఎగసి, ఒకటి నుంచి మూడు రోజుల్లో భూమిని తాకుతుంది. ఈ కణాలు ధ్రువాల దగ్గర తిన్నగా గాలిలోకి దిగి వెలుగునిస్తాయని తరచుగా రాస్తుంటారు గాని, అసలు జరిగేది అంత సూటి వ్యవహారం కాదు. వచ్చిన ప్రవాహపు అయస్కాంత క్షేత్రం దక్షిణ దిశగా తిరిగి ఉంటే అది భూక్షేత్రపు బలరేఖలతో ముడిపడుతుంది. ఆ రేఖలు భూమికి రాత్రి వైపున తోకలా సాగి, బిగిసి, తెగి, మళ్లీ అతుక్కున్నప్పుడు అక్కడ పోగుపడిన శక్తి విడుదలై ఎలక్ట్రాన్లను భూమి వైపు నెడుతుంది. ఉత్తర దిశగా ఉంటే మాత్రం ఎంత వేగంగా వచ్చిన ప్రవాహమైనా చాలావరకు పక్కనుంచే జారిపోతుంది.

అలా దిగివచ్చిన ఎలక్ట్రాన్లు పైగాలిలోని అణువులను ఢీకొని వాటికి అదనపు శక్తినిస్తాయి. ఆ శక్తిని అవి కాంతి రూపంలో వదిలేస్తాయి. 100 నుంచి 150 కిలోమీటర్ల ఎత్తున ఆక్సిజన్ పరమాణువు ఇచ్చే ఆకుపచ్చ వెలుగు అన్నిటికన్నా పరిచితమైనది. అదే ఆక్సిజన్ 200 కిలోమీటర్లకు పైన ఎరుపు వెలుగునిస్తుంది. పొందిన శక్తిని ఎరుపుగా వదలడానికి పరమాణువుకు దాదాపు 2 నిమిషాల వ్యవధి కావాలి. ఈలోగా మరో అణువు తగిలితే ఆ శక్తి వెలుగుగా మారకుండానే పోతుంది కనుక, గాలి అత్యంత పలుచగా ఉన్న ఎత్తుల్లో తప్ప ఎరుపు పుట్టదు. తెరల అంచున కనిపించే ఊదా, గులాబీ ఛాయలు నైట్రోజన్‌వి.

ఈ ఎత్తులే దూరపు చూపును నిర్ణయిస్తాయి. భూమి గుండ్రంగా ఉన్నందున 100 కిలోమీటర్ల ఎత్తునున్న ఆకుపచ్చ వెలుగు సుమారు 1,100 కిలోమీటర్ల దూరం వరకే దిగంతం మీద కనబడుతుంది. 250 కిలోమీటర్ల ఎత్తునున్న ఎరుపు దాదాపు 1,800 కిలోమీటర్ల వరకు కనబడుతుంది. 2024 మే నెలలో వచ్చిన తీవ్రమైన అయస్కాంత తుఫానులో లడఖ్‌లోని హాన్లే నుంచి కెమెరాలు ఉత్తరాకాశాన పట్టుకున్నది ఎరుపునే కావడం ఇందుకే సహజం.

హెడ్‌ల్యాండ్స్ వంటి చోట ధ్రువకాంతి సాధారణంగా నడినెత్తిన కాక ఉత్తర దిగంతాన్ని అంటిపెట్టుకొని, తక్కువ ఎత్తులో ఉంటుంది. అందువల్ల ఉత్తరం వైపు ఒక్క పట్టణపు వెలుగున్నా అందులో ధ్రువకాంతి కరిగిపోతుంది. ఇక్కడ ముందంతా నీరు, దాని ఆవల జనం పలుచగా ఉండే ఎగువ ద్వీపకల్పపు అడవులు కావడం ఈ ఒడ్డుకు దక్కిన వరం. అయితే ఈ చీకటి ప్రకృతి ఇచ్చినంత మాత్రాన నిలిచేది కాదు. దీపాలను నేల వైపు మాత్రమే వెలిగేలా కప్పి, అక్కరలేనివి తీసివేసి, చీకటిని కాపాడినందుకే 2011లో అంతర్జాతీయ డార్క్ స్కై సంఘం దీనికి డార్క్ స్కై పార్కు గుర్తింపు ఇచ్చింది. మిషిగన్ రాష్ట్రం అంతకుముందే, 1993లో, లేక్ హడ్సన్ ప్రాంతపు చీకటిని చట్టంతో రక్షించింది. అడవినీ నీటినీ కాపాడినట్టే చీకటినీ కాపాడాలన్న ఈ ఆలోచన ఎంతో మెచ్చదగినది. డెట్రాయిట్ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగు కుటుంబాలకు హెడ్‌ల్యాండ్స్ కారులో నాలుగైదు గంటల దూరం.

ఎప్పుడు చూడాలన్న ప్రశ్నకు సగం జవాబు ఉపగ్రహాలు ఇస్తాయి. భూమికి సూర్యుని దిశగా 15 లక్షల కిలోమీటర్ల దూరాన, ఎల్1 అనే బిందువు దగ్గర నిలిచిన ఉపగ్రహాలు సౌరపవనపు వేగాన్నీ దాని క్షేత్రపు దిశనూ కొలుస్తాయి. అక్కడ నమోదైన మార్పు భూమిని చేరడానికి సాధారణంగా అరగంట నుంచి గంట పడుతుంది. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి బయలుదేరిన ఆదిత్య ఎల్1 కూడా ఆ బిందువు దగ్గరే పరిశీలిస్తోంది. అయస్కాంత అలజడిని 0 నుంచి 9 వరకు కొలిచే కేపీ సూచిక 5 దాటినప్పుడు ఈ ఒడ్డున ఆశ పెట్టుకోవచ్చు. మిగతా సగం జవాబు మబ్బులది: శీతకాలం మొదట్లో వెచ్చని సరస్సు మీదుగా వీచే చల్లగాలి మబ్బులు కమ్మిస్తుంది, జూన్‌లో రాత్రులు మరీ పొట్టివి, అందుకే రాత్రీ పగలూ సమానమయ్యే మార్చి, సెప్టెంబరు నెలల చుట్టూ అవకాశం ఎక్కువ. అయస్కాంత అలజడులు కూడా ఆ రోజుల్లోనే కొంత అధికం.

చివరగా కంటి సంగతి. మసక వెలుగును పట్టే దండకణాలు చీకటికి పూర్తిగా అలవాటు పడడానికి అరగంట దాకా పడుతుంది. మధ్యలో ఒక్కసారి ఫోను తెర వెలిగినా ఆ శ్రమంతా వృథా. పైగా ఈ కణాలకు రంగు తెలియదు. కెమెరా సెకన్ల తరబడి వెలుగును పోగుచేసి పచ్చగా చూపేదే కంటికి తరచుగా బూడిదరంగు మబ్బులా కనిపిస్తుంది కాబట్టి, ఫొటోలు చూసి వెళ్లినవారు ఎదుట ఉన్నదాన్నే గుర్తించకుండా తిరిగివచ్చే అవకాశం ఉంది. మబ్బైతే వెనకనున్న నక్షత్రాలను కప్పేస్తుంది. ధ్రువకాంతి వెనక అవి అలాగే మెరుస్తుంటాయి.