జవాబుదారీతనం లేని అధికారం: 1975–77 అనుభవం

ఈ భాగం చదివిన తర్వాత మీరు జవాబుదారీతనంలోని మూడు దశలను గుర్తించగలుగుతారు. అత్యవసర పరిస్థితి కాలానికి వాటిని అన్వయించి వివరించగలుగుతారు.

1. భావన

పాలకులు మంచివారా కాదా అన్నదానికంటే, తప్పు చేస్తే వారు ఎవరికి సమాధానం చెప్పాలి అన్నది ముఖ్యం. ఇందులో మూడు దశలున్నాయి. ఏం జరిగిందో ప్రజలకు తెలియాలి. బాధ్యులు దానికి సంజాయిషీ ఇవ్వాలి. తప్పని తేలితే ఫలితం అనుభవించాలి. మూడోది లేకపోతే మొదటి రెండూ కాగితాలకే పరిమితమవుతాయి.

2. మూసుకుపోయిన దారులు

1975 జూన్ 12న ప్రధాని ఇందిరా గాంధీ లోక్‌సభ ఎన్నిక చెల్లదని అలహాబాదు హైకోర్టు తీర్పు ఇచ్చింది. జూన్ 25 రాత్రి 352వ అధికరణం కింద రాష్ట్రపతి అత్యవసర పరిస్థితి ప్రకటించారు. మంత్రివర్గానికి ఈ సంగతి మర్నాడు ఉదయమే తెలిసింది.

పత్రికలపై సెన్సార్‌షిప్ విధించడంతో మొదటి దశ మూసుకుపోయింది. ప్రతిపక్ష నాయకులను విచారణ లేకుండా నిర్బంధించారు. ఆ నిర్బంధాలను కోర్టులో ప్రశ్నించే హక్కు అత్యవసర పరిస్థితిలో ఉండదని 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు 4–1 మెజారిటీతో తీర్పు చెప్పింది. విభేదించినవారు జస్టిస్ హెచ్.ఆర్.ఖన్నా ఒక్కరే. దీంతో రెండో దశ కూడా మూసుకుపోయింది. 1976లో లోక్‌సభ గడువు పొడిగించడంతో ఓటరు తీర్పూ వాయిదా పడింది.

3. తర్వాత ఏం జరిగింది?

1977 ఎన్నికల్లో ఇందిరా గాంధీ ఓడిపోయారు. జనతా ప్రభుత్వం నియమించిన జస్టిస్ జె.సి.షా కమిషన్ అధికార దుర్వినియోగాన్ని నమోదు చేసింది. ఆ కమిషన్ ఎదుట ప్రమాణం చేసి వాంగ్మూలం ఇవ్వడానికి ఇందిరా గాంధీ నిరాకరించారు. 1980లో ఆమె తిరిగి అధికారంలోకి వచ్చాక విచారణలు ముందుకు సాగలేదు.

చట్టం మాత్రం మారింది. 1978 నాటి 44వ సవరణ ప్రకారం అత్యవసర పరిస్థితి ప్రకటనకు మంత్రివర్గ నిర్ణయం లిఖితపూర్వకంగా ఉండాలి. 20, 21 అధికరణాల హక్కుల అమలును నిలిపివేయడానికి వీల్లేదు. 1976 నాటి తీర్పు తప్పని 2017లో సుప్రీంకోర్టు ప్రకటించింది.

ఎన్నికల ఓటమి శిక్షతో సమానం కాదా అని మీరు అడగవచ్చు. 1977లో ఉత్తర భారతంలో ఘోరంగా ఓడిన కాంగ్రెస్, ఆంధ్రప్రదేశ్‌లో 42 స్థానాల్లో 41 గెలిచింది. ఓటు పార్టీల మధ్య ఎంపిక. ఫలానా వ్యక్తిని అక్రమంగా నిర్బంధించింది ఎవరన్నది అది తేల్చదు. ఆ పని న్యాయస్థానాలదే.

4. సారాంశం

1977 తర్వాత నిబంధనలు బలపడ్డాయి. తప్పు చేసినవారి వ్యక్తిగత బాధ్యత తేలలేదు. రెండింటినీ వేరుగా చూడటం నేర్చుకోండి.

అభ్యాసం

మీ గ్రామంలో ఉపాధి హామీ పనులపై జరిగిన ఒక సామాజిక తనిఖీని పరిశీలించండి. అక్రమాలు బయటపడ్డాయా? బాధ్యులు సంజాయిషీ ఇచ్చారా? సొమ్ము తిరిగి వసూలైందా? ఏ దశలో ఆగిందో పది వాక్యాల్లో రాయండి.