గుడ్లగూబ గూటిని గమనించడం

గుడ్లగూబలు సాధారణంగా తమ గూటిని తాము నిర్మించుకోవు. చెట్టుతొర్ర, పాడుబడిన కోటగోడ, పాత కట్టడపు చీకటి మూల, ఏదైనా వాటికి చాలును. మన ఊళ్లలో పాత భవనాలను ఆశ్రయించేది తెల్లని, హృదయాకారపు ముఖం గల గుడ్లగూబ. ఉర్దూలో 'ఉల్లూ' అనేది మూర్ఖునికి తిట్టు. తెలుగువారికి ఆ పక్షి అపశకునం. ప్రాచీన గ్రీకులకు జ్ఞానదేవత చిహ్నం. పక్షికి మాత్రం వీటితో పని లేదు. దానికి కావలసినది ఎలుకలు.

ఈ గూటిని పరిశీలింపదలచినవారు మొదట చూడవలసినది గూటిలోనికి కాదు, దాని కింది నేలను. గుడ్లగూబ ఎలుకను తరచు మొత్తంగానే మింగుతుంది. అరగని ఎముకలు, వెంట్రుకలు ఉండగా చుట్టుకొని కొన్ని గంటల తరువాత నోటినుండి వెలువడతాయి. ఆ ఉండను నీటిలో నానబెట్టి సూదితో మెల్లగా విప్పితే ఎలుకల పుర్రెలు, దవడలు దొరుకుతాయి. తేదీ వేసి పుర్రెలను లెక్కించి వ్రాసుకుంటే ఆ కుటుంబపు ఆహారపు పద్దు సిద్ధమైనట్లే. పిమ్మట చేతులు సబ్బుతో కడుగుకొనుట మరువరాదు.

ఆడపక్షి సామాన్యంగా నాలుగు నుంచి ఏడు తెల్లని గుడ్లను రెండు మూడు రోజులకొకటిగా పెడుతుంది; మొదటి గుడ్డు పెట్టగానే పొదగనారంభిస్తుంది. అందువల్ల సుమారు నెల తరువాత పిల్లలు ఒకేసారిగాక వరుసగా బయటికి వస్తాయి. పెద్దదానికీ చిన్నదానికీ రెండు వారాల తేడా ఉండవచ్చును. ఎలుకలు సమృద్ధిగా దొరికితే అన్నీ బతుకుతాయి. కొరవడితే కడపటిది తరచు దక్కదు. చూచేవారికి బాధ కలిగినా జోక్యం చేసుకొనరాదు.

పొదిగే దినాలలో మనిషి సమీపిస్తే తల్లి బెదిరి గుడ్లను విడిచిపోవచ్చును. కనుక సంధ్యవేళ దూరంగా, కదలక కూర్చుండి, మగపక్షి ఎన్నిమార్లు ఆహారం తెచ్చినదో మాత్రం గుర్తించవలెను. టార్చిలైటు, కెమెరా ఫ్లాష్ పనికిరావు. పిల్లలు ఆకలితో బుసకొట్టినట్లు అరుస్తాయి. తొంగిచూడకుండానే అవి క్షేమమని తెలుస్తుంది. ఇంచుమించు ఎనిమిది వారాలకు ఎగరనేరుస్తాయి. వేసవి సెలవులలో భవనాలకు వెల్లవేయించే కమిటీవారు వెంటిలేటర్లను మూయించే ముందు ఒకసారి ఆలకించుట అవసరం.

నా దృష్టిలో అన్నిటికంటె ముఖ్యమైనది గూటి చోటును చాటకుండుట. మంత్రతంత్రాల కోసం గుడ్లగూబలను పట్టి అమ్మే వ్యాపారాన్ని ట్రాఫిక్ ఇండియా సంస్థ 2010లో ఒక నివేదికలో వివరించింది. దీపావళి రోజులలో ఈ పక్షులకు ముప్పు హెచ్చు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వీటిని పట్టుట నేరమే అయినా, చట్టం ప్రతి తొర్రవద్ద కాపలా ఉండలేదు గదా! పరిశీలన పుస్తకంలో తేదీ, వేళ, వాతావరణం అన్నీ వ్రాసి, స్థలం పేరుకు బదులు ఒక అంకె మాత్రం ఉంచవలెను. ఆ అంకె ఏ చోటిదో ఒకరిద్దరు అధ్యాపకులకు తెలిస్తే చాలును.